రంగు కింద రంగు

మేనకోడలు: తలుపు మార్చేస్తామంటే నేను అడ్డం చెప్పను అత్తా. ఊడదీసి గోడకి ఆనించి పెట్టినా తలుపు తలుపుగానే ఉంటుంది. గీకించి పాలిష్ పెట్టిస్తామంటున్నారే, దానికే నా మనసు ఒప్పుకోవడం లేదు.

మేనత్త: గీకితే అసలు కర్ర బయటపడుతుంది. మొదట ఉన్నది అదే కదే. పాతవి కాపాడాలని నువ్వే అంటావు, అన్నిటికన్నా పాతదాన్ని బయటికి తీద్దామంటే నువ్వే వద్దంటావు.

మేనకోడలు: మొదట ఉన్నది కర్ర కాదు. గొళ్ళెం పక్కన పెచ్చు లేచినచోట చూడు. గోటితో తాకకు, ఊరికే చూడు. అట్టడుగున బూడిద రంగు. క్వార్టరు చేతికొచ్చేనాటికే ఉక్కు కంపెనీ వేసి ఉంచిన రంగు అది. దానిమీద ఆకుపచ్చ. ఆకుపచ్చ మీద ఆకాశనీలం. ఆ నీలం మీదే రెండు చిలకలు, మధ్యలో పూర్ణకుంభం, కింద తామర తీగ. వాటిమీద మెరూన్. అన్నిటికీ పైన ఇప్పుడు కనిపిస్తున్న చాక్లెట్ రంగు. ఈ తలుపు కర్రని ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కర్ర గీతలు కనిపించేలా పాలిష్ పెట్టడం ఇవాళ్టి మోజు. కొత్త మోజుకి పాతదనం అని పేరు పెడితే ఎలా?

మేనత్త: మోజే అనుకో. నీలం మాత్రం మోజు కాక ఏమిటి? పక్క వరసలో పంజాబీలు వేయించారు. చూసి, బాగుందనుకుని, మీ మామయ్యని బతిమాలి నేనూ వేయించాను. డబ్బా మీద కుంచె పట్టుకున్న గట్టు అనే పిల్లాడి బొమ్మ ఉండేది, పిల్లలు ఆ ఖాళీ డబ్బా కోసం కొట్టుకున్నారు. అప్పుడు కింద ఉన్న ఆకుపచ్చని కాపాడాలని ఎవరూ నాతో చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదు. మా వయసులో మేం వేసుకున్నాం, వాడి వయసులో వాడు తీసేస్తానంటున్నాడు. నాకున్న హక్కు నా కొడుక్కి లేదా?

మేనకోడలు: ఒక తేడా ఉంది. మీరంతా ఉన్నదానిమీద వేశారు, కిందిది కిందే ఉండిపోయింది. గీకితే అరవై ఏళ్ళ రంగులూ ఒక్క పూటలో పొడై చెత్తకుప్పకి పోతాయి. ఆర్.కె. లక్ష్మణ్ 1954లో గీసిన గట్టు బొమ్మని ఆ రంగుల కంపెనీయే 2002లో మానేసింది. అయితేనేం, పాత ప్రకటనల్లో ఇప్పటికీ చూసుకోవచ్చు. ఈ చిలకలకి ఆ అవకాశం లేదు. ఇవి ఈ ఒక్క తలుపు మీదే ఉన్నాయి. మెరూన్ కింద, చాక్లెట్ కింద ఉన్నా ఇప్పటికీ తెలుస్తాయి. పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళకి వచ్చి చూడు, ఎడమవైపు చిలక ముక్కు ఇంత ఉబ్బుగా కనిపిస్తుంది. అక్కడ పెయింటరు కుంచెని ఒత్తి తిప్పాడు.

మేనత్త: ఆ ముక్కు నాకు తెలియదా? తలుపు తుడిచేది ఎవరనుకున్నావు?

మేనకోడలు: మరి తెలిసీ గీకించమంటావేం? ఈ భిలాయి ఊరి సంగతి ఒకసారి ఆలోచించు. 1955 ఫిబ్రవరిలో ఉక్కు కార్ఖానాకి రష్యావాళ్ళతో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. దుర్గ్ జిల్లా పొలాల మీద నంబర్లు పెట్టి సెక్టార్లు లేచాయి. వీధికి పేరు లేదు, ఇంటికి పేరు లేదు, వరసకి వరస ఒకే అచ్చు. శ్రీకాకుళం నించి, విజయనగరం నించి రాయపూర్ లైను మీద రైలెక్కి వచ్చినవాళ్ళకి ఆ వరసల్లో తమది అనిపించేలా ఒక్కటైనా ఉండాలి కదా. సెక్టార్ 5లో బాలాజీ గుడి, ఆంధ్ర సాహిత్య సమితి అందరూ కలిసి నిలబెట్టుకున్నవి. ఇంటికొకరు విడిగా చేసుకున్నది ఈ గుమ్మమే. గడపకి పసుపు, తలుపుకి చిలకలు. వచ్చిన మొదటి తరం ఇక్కడ మేమున్నామని చెప్పుకున్నది దీంతోనే.

మేనత్త: నువ్వు చెబుతుంటే వినడానికి బాగుంది. మేం మాత్రం అంత ఆలోచించలేదు. అన్ని గుమ్మాలూ ఒకేలా ఉంటే మీ బావ బడి నించి వచ్చి పక్కింట్లోకి పోయేవాడు. ఒకసారి బెంగాలీల ఇంట్లో అన్నం తిని పడుకుండిపోయాడు, మేం సెక్టారంతా వెతికాం. అందుకని తలుపుకి ఆకుపచ్చ వేయించాం. చిలకలు మా ఆడపడుచు పెళ్ళికి వచ్చాయి. మేమున్నామని ఎవరికి చెప్పాలి? పిల్లాడు ఇల్లు గుర్తుపడితే చాలనుకున్నాం.

మేనకోడలు: ఆ మాటే ఇంకా గట్టిది అత్తా. అందం కోసం కాదు, అవసరం కోసం పుట్టిందన్నమాట.

మేనత్త: అవసరం కోసం పుట్టిందనే నేనూ అంటున్నాను. ఆ అవసరం తీరిపోయింది. మీ బావకి యాభై దాటాయి, ఇల్లు వెతుక్కోడు. ఇల్లు లీజుకి తీసుకున్నాక ముందు గ్రిల్లు వచ్చింది, వరండా వచ్చింది, గేటుకి పేరు చెక్కిన గ్రానైట్ పలక వచ్చింది. తలుపు ఇప్పుడు వీధికి కనపడనే కనపడదు. ఎవరూ చూడనిదాన్ని ఎవరి కోసం దాచమంటావు?

మేనకోడలు: కనపడనంత మాత్రాన లేనట్టేనా? అసలు ఎవరు కనపడకుండా చేశారో అది చెప్పు. చాక్లెట్ రంగు ఎందుకొచ్చింది?

మేనత్త: పిల్లలు అడిగారు.

మేనకోడలు: ఎందుకు అడిగారు?

మేనత్త: ఇంగ్లీషు మీడియంలో చేరాక స్నేహితులు ఇంటికి రావడం మొదలైంది. చిలకల తలుపు చూసి, మీరు ఖుర్సీపార్ నించి వచ్చారా అని ఎవరో అన్నారట. అక్కడ మనవాళ్ళే ఎక్కువ, కూలిపనికి వచ్చినవాళ్ళు. మా అమ్మాయి వారం రోజులు సరిగా మాట్లాడలేదు. ఆఫీసర్ల బంగళాలకి ముదురు గోధుమ రంగు ఉండేది. అలాంటిదే కావాలంది. వేయించాను. ఏం, తప్పా? పిల్ల గుమ్మంలో తల దించుకుని నిలబడుతుంటే చిలకల్ని చూసుకుని మురిసిపోనా?

మేనకోడలు: నువ్వు చేసింది తప్పని నేననను, ఎవరూ అనలేరు. కానీ దాన్ని అభిరుచి మారడం అని మాత్రం అనకు. బాగోలేదనిపించి తీసేయడం వేరు, ఎవరో చిన్నచూపు చూస్తారని తీసేయడం వేరు. మొదటిది మనం మారడం. రెండోది మనల్ని మార్చడం. ఇల్లిల్లూ తిరిగి చూస్తే ఇన్ని తలుపులు ముదురు గోధుమ రంగులోకి వెళ్ళడానికి మొదటి కారణం ఎంత, రెండోది ఎంత? అందుకే పొరలన్నీ ఉండాలంటాను, చాక్లెట్‌తో సహా. చిలకలు ఎంత నిజమో, వాటిని కప్పాల్సిరావడమూ అంతే నిజం. గీకేస్తే ఆ రెండూ పోతాయి.

మేనత్త: ఇది కాస్త ఆలోచించాల్సిన మాటే. చాక్లెట్‌ని కూడా ఉంచమంటావని నేననుకోలేదు. దాన్ని తీసి చిలకల్ని బయటికి తెస్తానంటావని అనుకున్నాను.

మేనకోడలు: అలా తెచ్చేవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లండులో పాత చర్చిల మీద తరతరాలు చేర్చినవన్నీ గీకేసి, మొదట ఇలాగే ఉండేదని ఒక రూపం ఊహించి నిలబెట్టేవారు. విలియం మారిస్‌కి అది కడుపుమంట. 1877లో పాత కట్టడాల రక్షణకి సంఘం పెట్టాడు, ఆ సంఘానికి గీకొద్దనేవాళ్ళు అనే పేరే పడింది. 1964 నాటి వెనిస్ ఒప్పందపత్రం కూడా ఒక కట్టడం మీద ప్రతి కాలమూ చేర్చినదాన్ని గౌరవించాలంది. పాతవి కాపాడే మా పనిలో ఒక పద్ధతి ఉంది. అగ్గిపెట్టెంత మేర మాత్రం ఎంచుకుని, సన్న కత్తితో ఒక్కో పొరా మెట్టులా తెరుస్తాం. చాక్లెట్, మెరూన్, నీలం, ఆకుపచ్చ, బూడిద వరసగా కనిపిస్తాయి. మిగతా తలుపు ముట్టుకోం.

మేనత్త: ఇంగ్లండులో చర్చి ఉంటే దానికి కాపలా మనిషి ఉంటాడు. ఇక్కడ నా మోకాళ్ళున్నాయి. గడపకి పసుపు రాయడం ఎప్పుడైనా చేశావా నువ్వు? నేను కాపురానికి వచ్చినప్పుడు నిజం పసుపే. శుక్రవారం శుక్రవారం గడప కడిగి, పసుపు ముద్ద పూసి, ఆరకముందే కుంకుమ బొట్లు, బియ్యప్పిండితో గీతలు. రెండ్రోజులు ఎండ తగిలితే పాలిపోయేది. ప్లాంటు దుమ్ము పడితే ఎర్రగా మట్టిగొట్టుకుపోయేది. మళ్ళీ కడుగు, మళ్ళీ పూయి. పెయింట్ పసుపు వచ్చిన రోజు ఈ వీధి ఆడవాళ్ళ నడుములకి పండగే. ఒకసారి వేస్తే రెండేళ్ళు. ఇప్పుడు అంటించే కాగితాలే వచ్చాయి, పసుపు గడప, ముగ్గు, లక్ష్మి పాదాలు అన్నీ అచ్చేసి. మీలాంటివాళ్ళు అది చూసి మొహం చిట్లిస్తారు. ఒంగుని పూసేవాళ్ళని అడగరు.

మేనకోడలు: అడగాల్సిందే. నాకు దీనికి సమాధానం లేదు. మగవాళ్ళెవరూ గడప పూయలేదు, సంప్రదాయం పోతోందని మాత్రం వాళ్ళే రాశారు.

మేనత్త: ఇంకోటి విను. పసుపు పాలిపోవాలి, ముగ్గు చెరగాలి. చెరిగింది కాబట్టే మర్నాడు వేస్తాం. నిన్నటి ముగ్గు వాకిట్లో ఉంటే ఇంట్లో ఎవరికో బాగోలేదనుకుంటారు. మన గుమ్మం పద్ధతే అది. చెరిపి వేసుకోవడం. చెరగకుండా దాచాలంటున్నావే, అది గుమ్మం పద్ధతి కాదు, మ్యూజియం పద్ధతి. సర్గుజాలో ఎవరో పెద్దావిడ గురించి పోయినసారి నువ్వే చెప్పావు.

మేనకోడలు: సోనాబాయి రజ్వార్. వెదురు వంచి, మట్టి పూసి ఇంటి నిండా జాలీలు, పక్షులు, మనుషులు చేసింది. 1980ల్లో భోపాల్ భారత్ భవన్ వాళ్ళు ఆమె పనిని లోకానికి చూపించారు. 1986లో తులసీ సమ్మాన్ వచ్చింది. దేశదేశాలు చూశాయి.

మేనత్త: ఆమె పనుల్ని తీసుకెళ్ళి అద్దాల వెనక పెట్టాక ఆమె ఏం చేసింది? మళ్ళీ చేసుకుంది, ఊళ్ళోవాళ్ళకి నేర్పింది. అద్దం వెనక ఉన్నది అలాగే ఉంది, ఆమె చెయ్యి మాత్రం ముందుకే వెళ్ళింది. కాపాడాల్సింది ఏదైనా ఉంటే ఆ చేతినే.

మేనకోడలు: సరే, చెయ్యి దగ్గరికే వద్దాం. ఈ చిలకలు వేసిన చెయ్యి ఏమైంది?

మేనత్త: బోర్డు పెయింటరు. సుపేలా బజారులో కొట్ల బోర్డులన్నీ అతనే రాసేవాడు, హిందీ అయినా ఇంగ్లీషు అయినా. తెలుగు రాదు, శుభం అని నేను కాగితం మీద రాసిస్తే చూసి బొమ్మలా గీశాడు. భ పక్కన సున్న కాస్త వంకరపోయింది. ఇప్పుడు లేడు. కొడుకు ఫ్లెక్సీ మిషను పెట్టుకున్నాడు.

మేనకోడలు: అదే అత్తా. నువ్వు ఆకుపచ్చని కప్పినప్పుడు మళ్ళీ వేసేవాడు వీధి చివర ఉన్నాడు. చెరిపితే నష్టం లేదు, ఎందుకంటే వేసే చెయ్యి ఉంది. చెరిపి వేసుకోవడం అనే నీ పద్ధతి సాగాలంటే రెండో సగం ఉండాలి కదా? ఇప్పుడు చెరపడం ఒక్కటే మిగిలింది. మళ్ళీ వేయడానికి ఎవరూ లేరు. కుంచెని ఒక్క ఒత్తుతో ముక్కు తిప్పడం ఫ్లెక్సీ మిషనుకి రాదు. అంటించే కాగితం చెరగదు, పాలిపోదు, పాతబడితే ఊడబెరికి ఇంకోటి కొనడమే. అందులో ఎవరి చెయ్యీ లేదు.

మేనత్త: కాగితం గురించి నువ్వన్నది ఒప్పుకుంటాను. అంటించిన రోజు నాకూ ఏదో వెలితిగానే అనిపించింది. గడప దగ్గరికి వెళ్ళే పని లేకుండా పోయింది. శుక్రవారం వచ్చిందీ లేందీ తెలియడం లేదు. అలాగని మోకాళ్ళు తిరిగి రావు కదా.

మేనకోడలు: గీకడానికి ఇంకో చిక్కు ఉంది, ఇది ఆరోగ్యం సంగతి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం కలిసేది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో మరీ ఎక్కువ. ఆ నిండు పసుపు వచ్చేదే సీసం క్రోమేటు నించి. వంటపసుపులో కల్తీ చేసేదీ ఆ పొడే. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 మించకూడదని మన దేశంలో నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. ఈ తలుపు మీద పొరలన్నీ అంతకు ముందువి. ఉప్పు కాగితం పెట్టి రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. పాకే పిల్లాడున్న ఇల్లు ఇది.

మేనత్త: అయితే తలుపే తీసేయాలి. నువ్వే కారణం చెప్పావు. ఆ పిల్లాడు నిన్ననే గొళ్ళెం కింద పెచ్చు లాగుతున్నాడు. చిలకలు ముఖ్యమా, వాడు ముఖ్యమా?

మేనకోడలు: వాడే. అందులో మాట లేదు. పెచ్చు లేచినచోట తడిగుడ్డతో మెల్లగా తుడిచి, పైన కొత్త రంగు ఒక పూత వేసి మూసేస్తే సీసం బయటికి రాదు. అందరూ చేసేది అదే.

మేనత్త: అంటే నువ్వూ పైన రంగే వేయమంటున్నావు. నేను నలభై ఏళ్ళ నించి చేస్తున్నదీ అదే. ఇంకా విను, ఆ చిలకలు ఇన్నాళ్ళు ఎండకి వెలిసిపోకుండా, పిల్లల గోళ్ళకి పోకుండా ఎలా మిగిలాయి? పైన మెరూన్, చాక్లెట్ ఉండబట్టి. అభిరుచి మార్చుకుని మేం పాడుచేశామంటున్నావు, మీరు దాచాలంటున్నదాన్ని దాచింది మేమే.

మేనకోడలు: అది నిజం. ఆ మాటకి నేను తలవంచుతాను. కానీ అది వేయడం వల్ల జరిగింది, తీయడం వల్ల కాదు. మీ అబ్బాయి కోరుతున్నది తీయడం. నా గొడవంతా అక్కడే. మన చట్టంలో నూరేళ్ళు నిండితేగాని ఏదీ ప్రాచీనం కాదు. 1958 నాటి చట్టం అది. భిలాయిలో కట్టిన ఏ తలుపుకైనా ఆ వయసు రావాలంటే 2055 దాటాలి. అప్పటిదాకా ఇవన్నీ పాత సామానే. ఏటికొప్పాక బొమ్మకి, నిర్మల్ బొమ్మకి ఊరి పేరుంది, అడిగేవాళ్ళున్నారు. ఉక్కు కార్ఖానా క్వార్టరు తలుపు మీద తెలుగువాళ్ళ చిలకలకి ఏ ఊరి పేరూ లేదు. శ్రీకాకుళంవాళ్ళు తమదనుకోరు, ఛత్తీస్‌గఢ్ తనదనుకోదు. ముసలిదయ్యేలోగానే పోతుంది. కారైక్కుడిలో చెట్టియార్ల మేడల తలుపులు కనీసం పాత సామాన్ల కొట్లకి వెళ్ళి ఎవరింట్లోనో తేలుతున్నాయి. వీటిని కొనేవాడు కూడా లేడు.

మేనత్త: కొనేవాడు లేకపోవడం ఒక విధంగా మంచిదే. ఛత్తీస్‌గఢ్ తనదనుకోదన్నావు, అది మాత్రం తప్పు. గడప పక్కన చౌకట్టు చూడు, ఎన్ని మేకులున్నాయో. ఇక్కడివాళ్ళ హరేలీ అమావాస్య పండగకి లోహార్, అదే కమ్మరి, వచ్చి దిగేసినవి. మొదట నేను వద్దన్నాను, కుంకుమ పెట్టిన చోట ఇనుమేమిటని. ఇంటికి మంచిదమ్మా, చెడు లోపలికి రాదు అన్నాడు. వేప రెమ్మ కూడా కట్టాడు. ఆ తరవాత ఒక్క ఏడూ మానలేదు. ఇప్పుడు ఇంటికి వచ్చిన కోడలు దుర్గ్ పక్క పల్లెటూరి పిల్లే. 2019లో హరేలీకి సర్కారు సెలవు ఇచ్చినప్పుడు దానికంటే నేనే ఎక్కువ సంతోషించాను.

మేనకోడలు: ఆ మేకుల సంగతే నేనూ ఎత్తాలనుకున్నాను. పాలిష్ కాకపోతే ఇనప చౌకట్టుతో కొత్త తలుపు బిగిస్తామన్నాడు బావ. ఉక్కు రేకు చౌకట్టుకి మేకు దిగుతుందా? ఉక్కు ఊళ్ళో ఉక్కు తలుపు పెట్టుకుంటే లోహార్ గుమ్మం దాకా వచ్చి ఏం చేయాలి?

మేనత్త: దాన్ని నేను ఆలోచించలేదు. మేకు దిగదు, నిజమే.

మేనకోడలు: అయితే ఉంచుదాం.

మేనత్త: చౌకట్టు ఉంచుదాం. తలుపు గురించి నేనింకా ఏమీ అనలేదు. కింది పలక చెదలు తినేసింది, వేలితో నొక్కితే పొడి రాలుతోంది. దాన్ని కూడా దాచమంటావా?

మేనకోడలు: లేదు, అది మార్చాల్సిందే. ఆ ఒక్క పలక కొత్తది వేయించి, రంగు లేకుండా వదిలేద్దాం. ఎక్కడిదాకా పాతదో, ఎక్కడినించి కొత్తదో చూసేవాళ్ళకి తెలియాలి. పాతదానిలా కనిపించేలా రంగు వేస్తే మోసం చేసినట్టే.

మేనత్త: గుమ్మంలో బోసి పలకా? పండక్కి చుట్టాలు వస్తే డబ్బు చాలక ఆపేశాం అనుకుంటారు. పైన చాక్లెట్, కింద తెల్ల కర్ర, అది చూస్తూ నేను దీపం పెట్టాలా? నీ చూసేవాళ్ళెవరో నాకు తెలియదు. రోజూ చూసేది నేను.

మేనకోడలు: మరి ఏం వేస్తావు దానిమీద? అదే చాక్లెటా?

మేనత్త: కోడలు వేస్తానంటోంది. సావన్ నెలలో వాళ్ళ ఊళ్ళో గోడలకి పేడతో సవనాహీ బొమ్మలు వేస్తారు, మనుషులు, పశువులు, గీతలు. అవే రంగుతో వేస్తుందట. చెయ్యి లేదన్నావు కదా, ఇదిగో చెయ్యి.

మేనకోడలు: అది వేస్తానంటే నాకు చాలా ఇష్టం అత్తా. కాకపోతే పైన చిలకలు మూసుకుని ఉండగా కింద ఆ బొమ్మలా?

మేనత్త: చిలకలు ఉన్నచోటే ఉంటాయి. వాటి కాలం వాటిది.

మేనకోడలు: అయితే ఒక్కటి ఒప్పుకో. కోడలు బొమ్మలు వేసేముందు ఆ పలకకి పల్చగా వార్నిషు పూయనివ్వు. తరవాతెప్పుడైనా ఎవరికైనా ఆ రంగు తీయాలనిపిస్తే కర్ర పాడవకుండా వస్తుంది.

మేనత్త: పిల్ల ఇంకా కుంచె పట్టనేలేదు, అప్పుడే తీయడానికి దారి వెతుకుతున్నావా? ఆ మాట దాని ముందు అనకు.

మేనకోడలు: వేసేవాళ్ళు తీయాలని వేయరు. తీసేది తరవాతివాళ్ళు. నేను మాట్లాడుతున్నది వాళ్ళ గురించే.

మేనత్త: నేను ఇప్పుడు ఈ ఇంట్లో తిరుగుతున్నవాళ్ళ గురించి మాట్లాడుతున్నాను. వడ్రంగి సోమవారం వస్తానన్నాడు. వార్నిషు సంగతి నువ్వే వచ్చి వాళ్ళిద్దరికీ చెప్పు, నేను మాత్రం చెప్పను.